99 పైసల లెక్క

విశాఖ కోలుకుంటోందట. ఏ విశాఖ? రుషికొండ మీద నిలబడితే కనిపించేదా, ఉక్కు ఫ్యాక్టరీ దగ్గరి కూర్మన్నపాలెం జంక్షన్‌లో నిలబడితే కనిపించేదా?

2025 ఏప్రిల్‌లో రుషికొండ ఐటీ హిల్ మీద 21.16 ఎకరాలు టీసీఎస్‌కు 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వడానికి రాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకుంది. 12,000 ఉద్యోగాలొస్తాయన్నారు. తర్వాత కాపులుప్పాడలో కాగ్నిజెంట్‌కూ అదే రేటు. అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్, 1,500 కోట్ల డాలర్లు! ఊరంతా ఫ్లెక్సీలు. డేటా సెంటర్ కరెంటు, నీళ్ళు తాగినంతగా మనుషుల్ని పనిలో పెట్టుకోదు. కట్టేటప్పుడు కూలీలు కావాలి, కట్టాక మిషన్లే కావాలి. ఈ ముక్క ఫ్లెక్సీ మీద వేయరు.

అదే ఏడాది, అదే నగరం దక్షిణ కొసన, ఉక్కు ఫ్యాక్టరీలో వేలమంది కాంట్రాక్టు కార్మికులకు పని పోయింది. ఉత్తర్వులు చదివి వినిపించిన వాళ్ళెవరూ లేరు. తెల్లారి షిఫ్టుకెళితే గేటు పాసు పనిచేయలేదు, అంతే. 2021 జనవరిలో నూరు శాతం వాటా అమ్మేస్తామన్న కేంద్రమే 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. మంచిదే. ప్లాంటును నిలబెట్టడమంటే ముందు మనుషుల్ని బయటికి నెట్టడమని ఎవరు చెప్పారు? నష్టాలంటారు. సొంత ఇనుప గని ఇవ్వకుండా ఇన్నేళ్ళు బయట ఇనుప ఖనిజం కొనిపించిందెవరు? గని ఇవ్వనిది ఢిల్లీ, జరిమానా కట్టేది ఫ్యాక్టరీ పక్కనున్న గాజువాక కాంట్రాక్టు కూలీ!

పాసు ఆగిన ఇంట్లో ఏం జరుగుతుందో ఆర్థికవేత్తలు గాజువాక వచ్చి చూడాలి. మొదటి నెల కిరాణా కొట్లో ఖాతా పెరుగుతుంది. రెండో నెల చీటీ కట్టడం ఆగుతుంది, చీటీ పాడేవాళ్ళూ తగ్గుతారు. ఆ తర్వాత పిల్లాడి ప్రైవేటు బడి మానిపిస్తారు. వెనక పోర్షన్‌కు టూలెట్ బోర్డు పడుతుంది, ఆ అద్దె మీద బతికే ముసలమ్మ మందులు మానేస్తుంది. మెస్సులో వంటమనిషి, ఆటోనగర్‌లో లేత్ నడిపే కుర్రాడు, షిఫ్టు ఆటో డ్రైవరు, వీళ్ళెవరి పేరూ ప్లాంటు రోల్స్‌లో ఉండదు. అందుకే వీళ్ళకు పోయిన పని ఏ లెక్కలోకీ రాదు. ప్లాంటు కోసం ఊళ్ళు ఖాళీ చేసిన నిర్వాసితుల ఇళ్ళలో, ఉద్యోగానికి హామీగా ఇచ్చిన ఆర్ కార్డులు ఇంకా ట్రంకుపెట్టెల్లోనే మగ్గుతున్నాయి. వాళ్ళను అడగండి, ఉద్యోగం ఇస్తామన్న మాట ఎంతకాలం నిలుస్తుందో.

ఐటీ రావద్దనడం లేదు. మధురవాడలో మన పిల్లలకు కొలువొస్తే ఎవరికి చేదు? కానీ రాబోయే ఉద్యోగాన్ని వేదికెక్కి చెప్పి, పోయిన ఉద్యోగాన్ని లెక్కే పెట్టకపోవడం మోసం. 

కాబట్టి సూటిగా అడుగుతున్నాను. 99 పైసల భూమి తీసుకున్న ప్రతి కంపెనీలో కొత్తగా తెరిచిన పీఎఫ్ ఖాతాలెన్నో, అందులో ఈ జిల్లావాళ్ళవెన్నో ఏటా ప్రతి వార్డు సచివాలయం గోడ మీద అంటించండి. చెప్పిన సంఖ్య గడువులోగా చేరకపోతే భూమి వెనక్కి తీసుకోండి. అదే గోడ మీద, ఆ కాగితం పక్కనే, ఆ ఏడాది ఉక్కు ఫ్యాక్టరీలో ఆగిన గేటు పాసుల సంఖ్య కూడా వేయండి.