గుత్తేదారు లెక్క వార్డు సభలో తేలాలి
బెల్లంపల్లి గనుల్లో ఒకప్పుడు టబ్బు నిండితేనే బొగ్గు నింపే ఫిల్లర్‌కు కూలి. అదే కొలత గుత్తేదారుకు ఎందుకు ఉండకూడదు? తెలంగాణ ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులది. కట్టింది గుత్తేదారు, కొలిచి ఎంబీ (కొలతల పుస్తకం) రాసింది ఇంజినీరు. అందులో కాపురం చేయబోయే కుటుంబాన్ని అడిగినవారే లేరు. అలా అడగడం కొత్తేమీ కాదు. ఉపాధి హామీ పథకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే సామాజిక తనిఖీకి శ్రీకారం చుట్టింది. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) ఊరి ముందు చదివించి, కాజేసిన సొమ్ములో కొంతైనా కక్కించింది. ఆ పద్ధతి పట్టణాల్లోని పేదల ఇళ్లకూ, ప్రభుత్వ హాస్టళ్ల సరుకులకూ రావాలి. వార్డు సభలో లెక్క చదివాకే చివరి బిల్లు, ధరావతు విడుదల చేయాలి. పేదల పథకానికి పేదలే అసలైన తనిఖీదారులు.