పెనం మనకీ ఉంది

పరీక్షలు దగ్గర పడ్డాయంటే చాలు, పిల్లలున్న ఇళ్ళల్లో ఇంగ్లీషు ఇడియమ్స్ బట్టీ మొదలవుతుంది. ఎడమవైపు ఇడియం, కుడివైపు అర్థం. పరీక్ష అవగానే రెండూ మర్చిపోతారు. ఏదైనా అర్థం కాక అడిగితే, మనలో చాలామంది "నాకు ఇంగ్లీషు రాదు, మీ నాన్ననడుగు" అనేసి వంటింట్లోకి వెళ్ళిపోతాం. అసలు ఈ పాఠం చెప్పాల్సింది అమ్మే అంటాను నేను.

ఎందుకో చూడండి. 'అవుటాఫ్ ది ఫ్రైయింగ్ పాన్ ఇంటూ ది ఫైర్' అంటే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు. అచ్చంగా మన మాటే! 'మేక్ హే వైల్ ది సన్ షైన్స్' అన్నది రైతు మాట. కోసిన గడ్డిని ఎండ ఉండగానే ఆరబెట్టుకోకపోతే చలికాలంలో పశువులకి మేత ఉండదు. ఆ సంగతే మన ఇళ్ళల్లో 'దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి' అన్నారు. కంచె అవతల గడ్డి ఎక్కువ పచ్చగా కనిపిస్తుందని వాళ్ళంటే, పొరుగింటి పుల్లకూర రుచి అని మనమన్నాం. బుద్ధి మాత్రం ఒక్కటే!

సరిజోడు దొరకనివీ ఉంటాయి. 'క్యారీయింగ్ కోల్స్ టు న్యూకాజిల్' ఉంది. న్యూకాజిల్ ఇంగ్లండులో బొగ్గుకి పేరుపడ్డ ఊరు, లండనుకి ఓడల్లో బొగ్గు అక్కడినుంచే వెళ్ళేది. "గుంటూరుకి మిరపకాయలు మోసుకెళ్ళినట్టురా" అన్నాను మా వాడితో. పకపకా నవ్వాడు. ఇంక మర్చిపోలేదు.

ఇలా తెలుగులో చెబితే ఇంగ్లీషు ఎప్పుడొస్తుందని అడిగేవాళ్ళున్నారు. ఆ మాట ఎలాంటి సందర్భంలో అంటారో తెలియకుండా సొంత వాక్యంలో ఎలా వాడతారు? సందర్భం చెప్పడం మనకి బాగా వచ్చు, అమ్మమ్మల దగ్గర నేర్చుకున్న విద్యే కదా. ఒక్కటే జాగ్రత్త. మన సామెతని మాటకి మాట ఇంగ్లీషులో పెట్టనివ్వకండి. 'పీస్ ఆఫ్ కేక్' అంటే నల్లేరు మీద బండి నడక అని చెప్పొచ్చు గానీ, నల్లేరునీ బండినీ ఇంగ్లీషు జవాబులో రాస్తే మార్కులు రావు.

"అమ్మకి రాదు" అని రోజూ వింటే పిల్లలు కొన్నాళ్ళకి అడగడమే మానేస్తారు. ఇడియమ్స్ తోనే ఆగదు అది, మిగతా సంగతులూ మనదాకా రావు. మార్కులు తగ్గడం కన్నా అది పెద్ద నష్టం. అందుకే ఈసారి పుస్తకం పట్టుకొస్తే లేచి వెళ్ళకండి. "అర్థం నువ్వు చదువు, సామెత నేను చెబుతా" అనండి.