తాళపుచెవి ఎవరి చేత?

ఒక కంప్యూటరు లోపల మరియొక కంప్యూటరును అతిథిగా నడుపుటకు ప్రాసెసరే తోడ్పడు ఏర్పాటును ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో తెచ్చినవి. 2007లో లినక్సు కెర్నెలు, కేవీఎం అను భాగము ద్వారా దానిని స్వీకరించినది. అయితే ఈ తాళపుచెవి ఒకే సమయమున ఇద్దరి చేతిలో ఉండజాలదు. చిక్కంతయు ఇక్కడనే.

చాలాకాలము కేవీఎం, మొదటి అతిథి వచ్చినప్పుడు తాళము తీసి, చివరి అతిథి వెడలగానే వేసెడిది. 2024 నవంబరులో వెలువడిన 6.12వ కెర్నెలు ఈ మర్యాదను మార్చినది. అతిథి ఎవరును లేకున్నను, కేవీఎం లోడైన క్షణముననే తాళపుచెవిని వశపరచుకొనును. వర్చువల్‌బాక్సు నమ్ముకొన్న వారికి దెబ్బ తగిలినది. నిన్నటివరకు నడచిన అభ్యాసము, కెర్నెలు మార్చిన మరునాడు తెరుచుకొనకున్న, పాపము విద్యార్థి తన తప్పే అనుకొనును.

మార్చినవారికిని కారణము కలదు. ప్రాసెసరు కోర్లన్నింటిలో వరుసగా దీనిని తెరచుటకు కాలము పట్టును. మొదటి అతిథి ఆలస్యమగును. అతిథులను క్షణక్షణము పుట్టించు పెద్ద కేంద్రములకు అది భారమే. ఒక్క యంత్రముపై పాఠము నేర్చుకొనువానికి ఆ ఆలస్యము లెక్కలోనికి రాదు. పెద్దల సౌకర్యమును అందరికిని ముందుగానే విధించుట మాకు సమ్మతము కాదు. అడిగినవారికి మాత్రమే ఇచ్చియుండవలసినది.

కెర్నెలు ప్రారంభ వాక్యములో కేవీఎం వారి ‘ఎనేబుల్_వర్ట్_ఎట్_లోడ్’ అను గుర్తునకు సున్న ఇచ్చినచో పాత పద్ధతి తిరిగి వచ్చును. ఈ ఒక్క వాక్యమును ప్రయోగశాల గోడపై అంటింపించవలెనని కమిటీ వారిని కోరుచున్నాము.