విటమిన్ తక్కువా? నడుము ఎక్కువా?

ఈ మధ్య మా పక్కవీధి కుర్రాడొకడు ఫైలు పట్టుకొని ఇంటికొచ్చాడు. వయసు ఇరవై ఆరు. వాళ్ల తాత శ్రీకాకుళం జిల్లా నుంచి కూలిపనికి అండమాన్ వచ్చి ఈ సిప్పీఘాట్‌లో స్థిరపడ్డాడు. ఆయన కౌలుకు చేసిన మడి 2004 సునామీలో ఉప్పునీటి పాలైంది. మనవడిది రోజంతా కంప్యూటర్ ముందు ఉద్యోగం. రెండేళ్ల క్రితం టైప్ 2 షుగరు బయటపడింది.

"మావయ్యగారూ, మీరు లెక్కలు చూసినవారు కదా, ఇది కాస్త చూడండి" అన్నాడు.

నేను బీకాం చదివి, డిఫెన్స్ అకౌంట్స్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా బిల్లులు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి. డాక్టర్ని కాను. ఆ మాట ముందే చెబుతున్నాను.

ఫైల్లో ఒక ల్యాబు రిపోర్టు ఉంది. విటమిన్ డి, మెగ్నీషియం, బి12 మూడూ తక్కువే అని ఎర్ర అక్షరాల్లో ఉంది. దాని వెనక ఎవరో సలహాదారు రాసిచ్చిన చీటీ. నెలకు నాలుగు వేల పైచిలుకు మాత్రలు, పొడులు. "లోపాలు సరిచేస్తే షుగరు దానంతటదే పోతుంది" అన్నాడట. ఆ నమ్మకంతో కుర్రాడు మెట్‌ఫార్మిన్ మానేసి అప్పటికి నలభై రోజులు! నేను కోప్పడితే వాళ్లమ్మ "ఇది సైన్సే కదా అన్నయ్యగారూ, తాయెత్తు కాదుగా" అంది.

ఆ మాటే నాచేత ఈ వ్యాసం రాయిస్తోంది. తాయెత్తును ప్రశ్నించే మనం, ల్యాబు అంకెను చూడగానే చేతులు కట్టుకొని నిలబడుతున్నాం. అంకె నిజమే కావచ్చు. కానీ దాని పక్కన రాసిన కారణం నిజమా? రెండు పద్దులు ఒకే పేజీలో ఉన్నంత మాత్రాన ఒకదాని వల్ల రెండోది వచ్చిందని ఏ ఆడిటరూ ఒప్పుకోడు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదట విటమిన్ డి. ఇది కొవ్వులో కరిగే విటమిన్. ఒంట్లో కొవ్వు పెరిగితే అందులోకి చేరి, రక్తంలో తక్కువగా కనిపిస్తుంది. జన్యువుల ఆధారంగా 2013లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం, అధిక బరువు వల్ల విటమిన్ డి తగ్గుతోందనీ, డి తగ్గడం వల్ల బరువు పెరగడమన్నది ఉన్నా స్వల్పమేననీ తేల్చింది. అంటే మన సలహాదారు కార్యాన్ని కారణం చేశాడు! పైగా తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, అంత ఎండ కాసే చోట కూడా, ఆరోగ్యవంతుల్లోనే చాలామందికి డి తక్కువగా ఉంది. షుగరు లేనివాళ్లకూ ఉన్న లోపాన్ని షుగరుకు మూలమని ఎలా అంటాం?

మరి మాత్రలు వేస్తే? అమెరికాలో షుగరు అంచున ఉన్న 2,423 మందికి, సగం మందికి రోజుకు 4,000 యూనిట్ల డి, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. 2019లో ఫలితం వచ్చింది. చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇలాంటి మూడు ప్రయోగాలను కలిపి 2023లో లెక్కిస్తే ముప్పు 15 శాతం తగ్గినట్టు కనిపించింది. అదీ దాచకుండా చెప్పాలి. కానీ అది షుగరు ఇంకా రానివాళ్ల సంగతి. వచ్చినవాళ్లు మందు మానేయొచ్చని ఏ ప్రయోగమూ చెప్పలేదు.

రెండోది మెగ్నీషియం. రక్తంలో చక్కెర బాగా పెరిగితే మూత్రంలో మెగ్నీషియం ఎక్కువగా పోతుంది. ఇక్కడా కారణం చాలావరకు షుగరే.

మూడోది బి12. ఇది పట్టించుకోవలసినదే. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. కాళ్లు తిమ్మిరెక్కితే షుగరు వల్లేననుకొని పొరబడే ప్రమాదముంది. దీనికి విరుగుడు డాక్టర్ చెప్పినట్టు బి12 తీసుకోవడం, అంతేగాని మెట్‌ఫార్మిన్ మానడం కాదు. ఇక టైప్ 1 ఉన్న పిల్లలు ఇలాంటి మాటలు నమ్మి ఇన్సులిన్ ఆపితే ప్రాణాలే పోతాయి.

ఇంత ఫైల్లోనూ లేని అంకె ఒకటుంది. నడుము కొలత! టైలరు టేపు తెప్పించి చూస్తే 101 సెంటీమీటర్లు. మనవాళ్లలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 దాటితే ప్రమాదమంటారు. బరువు మామూలుగా ఉన్నా పొట్ట దగ్గర కొవ్వు చేరే తత్వం మనది. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ 2004లో తన ఫోటోనూ ఒక బ్రిటిష్ డాక్టర్ ఫోటోనూ పక్కపక్కన పెట్టి దీన్ని చూపించాడు. ఇద్దరి బీఎంఐ 22.3. కొవ్వు మాత్రం ఆయనకు 9.1 శాతం, ఈయనకు 21.2 శాతం! మన దేశంలో 39.5 శాతం మందికి పొట్ట ఊబకాయం ఉందని 2023లో ఐసీఎంఆర్ సర్వే చెప్పింది. బ్రిటన్‌లో 2017 చివర్లో వెలువడిన ప్రయోగంలో, ఆహారం తగ్గించి బరువు దింపిన వారిలో 46 శాతం మందికి ఏడాదికల్లా మందుల్లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. వాళ్లు కూడా మందులు ఆపింది డాక్టర్ల పర్యవేక్షణలోనే.

నడుము కొలతకు ప్యాకేజీ అమ్మలేరు. అందుకే ఆ అంకె ఏ రిపోర్టులోనూ ఎర్రగా కనిపించదు.

కుర్రాణ్ణి శ్రీవిజయపురంలో (2024 దాకా పోర్ట్ బ్లెయిర్) డాక్టరు దగ్గరికి పంపాను. మెట్‌ఫార్మిన్ మళ్లీ మొదలైంది, బి12 రాశారు, పొడులు ఆపించారు. సాయంత్రాలు నాతో నడుస్తున్నాడు. షుగరు తగ్గిందా అని ఇప్పుడే అడక్కండి. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ చూసి చెబుతాను. ఆధారం రాకముందే ఫలితం ప్రకటించడం వాళ్ల పద్ధతి, మనది కాదు.