ఏం కాదమ్మా!

మన ఇళ్ళల్లో మగవాళ్ళకి అత్యంత ప్రియమైన మాట ఏదని ఎవరైనా పందెం వేస్తే నేను కళ్ళు మూసుకుని గెలుస్తాను. 'కాఫీ' కాదు, 'జీతం' కాదు. 'ఏం కాదు' అన్నదే ఆ మాట.

గోడ చెమ్మగిల్లుతోందండీ అంటే, ఏం కాదు. గ్యాసు వాసన వస్తోందండీ అంటే, ఏం కాదు. మెట్లెక్కుతుంటే గుండె దడదడలాడుతోందండీ అంటే, ఏం కాదు, కాస్త వాము నమిలి పడుకో! ఇంట్లో ఆడది ఏదో చెప్పబోతోందని తెలిస్తే చాలు, ఆవిడ నోరు తెరిచేలోగా ఆ రెండు మాటలూ తయారుగా ఉంటాయి. దానికి అర్థం నిజంగా ఏమీ కాదని కాదు. "నువ్వు చెప్పేది వినే ఓపిక నాకు లేదు" అని. నేరుగా అలా అంటే బాగుండదు కనుక ఇలా అంటారు.

ఆ మాట మీద నాకింత కసి ఎందుకో చెప్తాను. అది మొన్న కార్తీక మాసంలో మా అత్తయ్యనీ, మా అమ్మాయినీ, మావారినీ, నన్నూ కలిపి ఒక పత్తి ట్రాక్టరు వెనకాల సమాధి చేయబోయింది.

మాది నారాయణఖేడ్. ఒకప్పుడు మెదక్ జిల్లా. 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. నల్లరేగడి నేల, పత్తి, కంది. ఒక వీధిలో తెలుగు, పక్క వీధిలో ఉర్దూ, సంతరోజున కన్నడం, మరాఠీ కూడా వినబడే సరిహద్దు ఊరు. కారుకి స్పేరు పార్టు కావాలంటే సంగారెడ్డికో, జహీరాబాదుకో, ఆ పక్క బీదరుకో పరిగెత్తాలి. మా కారుకి పదిహేడేళ్ళు. చేతులు మారి మాకొచ్చింది. మావారు కాలేజీకి మోటారుసైకిలు మీద వెళ్తారు. కారు నడిపేది నేనే. అమ్మాయిని ట్యూషనుకి దింపేదీ, అత్తయ్యని కంటి డాక్టరుకి చూపించేదీ, బియ్యం బస్తా తెచ్చేదీ నేనే.

కనుక ఆ కారు ఒంట్లో బాగుందో లేదో ముందు తెలిసేది నా చేతులకి. దసరా వెళ్ళాక ఒకరోజు ఎడమకి తిప్పుతుంటే దానంతటదే హారను మోగింది. నేను నొక్కలేదు. రోడ్డు పక్క టీ తాగుతున్న పెద్దమనిషి ఉలిక్కిపడి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేను. తరవాత గతుకులో పడ్డప్పుడల్లా ముందు చక్రం దగ్గర 'టక్కు' మని చప్పుడు. తరవాత స్టీరింగు కొంచెం తిప్పినా కారు తిరగకపోవడం, చెప్పిన మాట అరక్షణం ఆలస్యంగా వినే పిల్లాడిలా.

మావారితో చెప్పాను. "పాత కారు కదోయ్, ఏం కాదు" అన్నారు. మెకానిక్కు దగ్గరికి తీసికెళ్ళాను. ఆయన నా మాట వింటూనే నా వెనక నిలబడ్డ మావారి వంక చూసి, "ఎట్లుంది సార్ బండి?" అని అడిగాడు. కారు ఎలా ఉందో మావారికేం తెలుసు? ఆయన దాంట్లో కూర్చుని పేపరు చదువుతారు, అంతే! హారను తీగ పీకేశాడు. "ఇగ మోగదు" అన్నాడు. మరి ఆ టక్కుమనే చప్పుడు? "ఏం కాదమ్మా!"

ఆ వారమే హెడ్‌లైట్ల ఫ్యూజు రెండుసార్లు పోయింది. మా మరిది ముచ్చటపడి, ఉన్న బల్బులు తీసి 'దూరం కనబడతాయి వదినా' అని పెద్ద బల్బులు వేయించాడు లెండి. మూడోసారి ఆ మెకానిక్కు ఏదో సర్ది, "ఇగ మీకు జన్మల పోదు" అని హామీ ఇచ్చాడు. నాకు అప్పుడు ఆనందమే వేసింది. నా తెలివి అంత!

సంగారెడ్డిలో పెళ్ళికి వెళ్ళి వస్తున్నాం. జోగిపేట దాటేసరికి చీకటి పడింది. నాందేడ్ వెళ్ళే పెద్ద రోడ్డు వదిలి మా ఊరి దారి పట్టాక సన్నగా ఏదో కాలుతున్న వాసన. చెప్పాను. "చేలో పత్తికట్టె తగలబెడుతున్నారు, ఏం కాదు" అన్నారు మావారు. వెనకనుంచి మా అత్తయ్య, "కాదురా, రబ్బరు కాలుతున్నట్టుంది" అన్నారు. ఎనభై ఏళ్ళావిడ మాట కూడా గాలికే పోయింది.

రెండు నిమిషాలు గడవలేదు. రెండు లైట్లూ ఒక్కసారి ఆరిపోయాయి. ఆరిపోయే ముందు కనబడింది ఎదర పత్తి ట్రాక్టరు ట్రాలీ. దానికి వెనక దీపం లేదు, మెరిసే బిళ్ళ లేదు. బ్రేకు తొక్కి ఎడమకి తిప్పాను. స్టీరింగు తిరిగింది గాని కారు తిరగలేదు. ఆ అరక్షణం ఎంత పొడుగో నాకు తెలుసు. తరవాత ఒక్క కుదుపుతో తిరిగి, రోడ్డు దిగి, నల్లరేగడిలో కూరుకుని ఆగింది. ట్రాలీకీ మాకూ మధ్య ఒక మంచం పట్టేంత జాగా. ఎవరూ మాట్లాడలేదు. అమ్మాయి మాత్రం, "అమ్మా, ఇప్పుడేమైనా అయిందా?" అని అడిగింది. మావారు తల వంచుకున్నారు.

ట్రాక్టరతను మంచివాడు. ఊళ్ళో కార్లకి కరెంటు పని చేసే కుర్రాడికి ఫోను చేశాడు. అరగంటలో మోటారుసైకిలు మీద వచ్చాడు. ముందు బ్యాటరీ తీగ విప్పి పక్కకి పెట్టాడు. తరవాత స్టీరింగు కింద మూత తీసి, ఫోను దీపం వేసి చూపించాడు. ఫ్యూజు ఉండాల్సిన చోట రాగితీగ మెలిపెట్టి ఉంది. చుట్టూ ఉన్న తీగల తొడుగులు కరిగి బెల్లంపాకంలా ఒకదానికొకటి అంటుకుపోయాయి.

"గిది ఫ్యూజు కాదక్కా, మంట పెట్టే పుల్ల" అన్నాడు. తరవాత ఇన్నాళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అడిగాడు. "బండి ఎవరు నడిపిన్రు?"

"నేనే."

"అయితె మీరే చెప్పాలె. తిప్పేటప్పుడు చేతికి ఎట్ల తగుల్తున్నది?"

నిజం చెప్తున్నాను, ఆ చీకట్లో నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. భయానికి కాదు. నా చేతులకి తెలిసినదాన్ని ఒకరు విలువైన సమాచారంగా తీసుకున్నందుకు.

నేను బి.ఏ. చదివినదాన్ని. యంత్రాలంటే ఆమడ దూరం. కాని ఆ మర్నాడు షెడ్డులో స్టూలు వేసుకు కూర్చుని అంతా అడిగి తెలుసుకున్నాను. మనకి అర్థం కానిదేమీ లేదమ్మా, వంటింటి శాస్త్రమే!

ప్రెషర్ కుక్కరు మూత మీద సేఫ్టీ వాల్వు ఉంటుంది కదా. లోపల నీరు ఇగిరిపోయి వేడి మీరితే అది కరిగిపోయి కుక్కర్నీ మననీ కాపాడుతుంది. ఫ్యూజూ అంతే. తీగలో మోయలేనంత కరెంటు పారితే తాను కరిగి తీగని కాపాడుతుంది. పోవడమే దాని ఉద్యోగం. మాటిమాటికీ పోతోందంటే తప్పు దానిది కాదు, లోపల ఇంకెక్కడో ఉంది. సేఫ్టీ వాల్వు మాటిమాటికీ పోతోందని ఆ కన్నంలో మేకు దిగ్గొట్టి పప్పు ఉడకేస్తామా? ఫ్యూజు చోట రాగితీగ పెట్టడమంటే అచ్చం అదే.

మా ఇంట ఆ తప్పు ఎక్కడుందో చూడండి. ఎక్కువ కార్లకి హెడ్‌లైటు బల్బు 60 వాట్లు. రెండు కలిపి 120. కారు బ్యాటరీ 12 వోల్టులు. భాగిస్తే 10 ఆంపియర్లు. మా మరిది వేయించినవి 100 వాట్లవి. రెండింటికి 200, అంటే దాదాపు 17 ఆంపియర్లు. పదికి సరిపడా వేసిన సన్నటి తీగలో పదిహేడు పారితే కాగక ఏం చేస్తుంది? పెద్ద బల్బులు వేసేటప్పుడు వేరే మందపు తీగలూ, రిలే అనే చిన్న పెట్టే ఉండాలిట. అసలు ఆ జోలికే పోకపోవడం ఉత్తమం. పదో తరగతి పాఠం ఇది. మగమహారాజులు ముగ్గురికి గుర్తు రాలేదు.

ఇక స్టీరింగు. మనం తిప్పే చక్రం కింద ఒక కడ్డీ, దాని చివర పళ్ళచక్రం. అది ఒక పళ్ళకడ్డీని అటూ ఇటూ జరుపుతుంది. దాని రెండు చివర్లనుంచి టై రాడ్లు ముందు చక్రాలను తోస్తాయి. టై రాడ్డు కొసన తొడ ఎముక గూట్లో ఆడినట్టు ఒక గుండు ఆడుతుంది. దాని మీద రబ్బరు తొడుగు, లోపల గ్రీజు. మా దాని తొడుగు ఎప్పుడో చిరిగి, గ్రీజు పోయి, మా ఊరి నల్లమట్టి చేరి, గుండు అరిగిపోయింది. 'టక్కు' మన్నది ఆ గుండే. పూర్తిగా ఊడి వచ్చి ఉంటే ఆ చక్రం తన ఇష్టం వచ్చిన దిక్కుకి పోయేది. హారను దానంతటది మోగడమూ స్టీరింగు లోపల తీగ అరిగి, ఇనుముకి తగిలినందువల్లే.

చూశారా, కారు ఒక్కరోజులో పాడవలేదు. నెల్లాళ్ళు మొత్తుకుంది. హారనుతో అరిచింది, ఫ్యూజు కాల్చుకుని చూపించింది, గతుకు గతుకుకీ మూలిగింది. మేం ఏం చేశాం? హారను నోరు నొక్కేశాం, ఫ్యూజు పీక నులిమేశాం. జబ్బు సంగతి వదిలి, మూలిగే నోళ్ళు మూయించడాన్నే మనవాళ్ళు రిపేరు అంటారు!

"పాత కారు అంటే అంతేనమ్మా, తీసేసి కొత్తది కొనుక్కో" అనే హితులున్నారు. కొనగలిగితే కొననా? అయినా పాతబడడం నేరమా? అంబాసిడర్లు 2014 దాకా తయారయ్యాయి. పాతికేళ్ళు దాటినవి కూడా రోడ్డు మీద తిరిగాయి. వాటి డ్రైవర్లు తెల్లారి లేచి బానెట్టు ఎత్తి చూశాకే టీ తాగేవాళ్ళు. మనం సీటు కవర్లు మారుస్తాం, దేవుడి బొమ్మ పెడతాం, నిమ్మకాయలు కడతాం. బానెట్టు మాత్రం ఎత్తం.

"రిజిస్ట్రేషను కొత్తగా చేయించాంగా" అని మావారి వాదన. నిజమే. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారుకి 15 ఏళ్ళు. ఆ తరవాత పరీక్ష చేయించి అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. కాని ఆయుష్షు పెరిగింది కాగితానికి, టై రాడ్డుకి కాదు. ఆ అయిదేళ్ళ మధ్య రోజులన్నిటికీ పూచీ ఎవరిది? నడిపేవాళ్ళది.

"ఆడవాళ్ళకెందుకండీ ఈ నట్లూ బోల్టులూ" అని ముసిముసిగా నవ్వేవాళ్ళకి ఒక కథ చెప్తాను. లోకంలో మొట్టమొదట కారులో దూరప్రయాణం చేసింది ఒక ఇల్లాలు. పేరు బెర్తా బెంజ్. 1888 ఆగస్టులో భర్త చేసిన మూడు చక్రాల బండిలో, ఆయనతో చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని జర్మనీలో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైమాటే. పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీకి గుచ్చుకునే సూదితో పొడిచి బాగుచేసింది. తీగ తొడుగు అరిగిపోతే తన మేజోడు పట్టీ తీసి చుట్టింది. 'ఏం కాదు' అనలేదు. ఏమవుతోందో చూసింది. కారు పుట్టిన కొత్తల్లోనే దాని వైరింగు పని చేసిన చేతులు మన చేతుల్లాంటివే!

కనుక అమ్మలారా, అక్కలారా! మెకానిక్కులు కమ్మని చెప్పడం లేదు. కారు ఆపి, ముందు చక్రాలు నిటారుగా ఉంచి స్టీరింగుని మెల్లగా కదపండి. రెండు వేళ్ళ వెడల్పుకి మించి తిరిగినా టైరు కదలకపోతే షెడ్డుకి తీసికెళ్ళండి. తీగ కాలే వాసన వస్తే పక్కకి ఆపి, ఇంజను కట్టేసి, అందరినీ దింపండి. వాదన తరవాత. బండి పూర్తిగా ఆగకుండా తాళంచెవి తీయకండి, స్టీరింగు బిగుసుకుంటుంది. ఈమధ్య కార్లలో స్టీరింగుకి కరెంటు మోటారు సాయం చేస్తుంది. బ్యాటరీ తీగ వదులై ఆ సాయం ఆగితే చక్రం రుబ్బురోలు పొత్రంలా బరువెక్కుతుంది. భయపడకండి, బలంగా తిప్పితే తిరుగుతుంది. ఫ్యూజు పోతే అదే నంబరు ఫ్యూజు వేయమనండి, తీసిన పాతది మీ చేతిలో పెట్టమనండి. అన్నిటికంటే ముఖ్యం, మెకానిక్కు మీ వెనక నిలబడ్డాయన వంక చూసి మాట్లాడితే, "బాబూ, నడిపేది నేను, నాతో చెప్పు" అనండి. మొదటిసారి గొంతు వణుకుతుంది. రెండోసారి వణకదు.

మా ఇంట్లో ఇప్పుడు ఆ రెండు మాటలూ నిషేధం. మొన్న మావారు మేడ మీదనుంచి వచ్చి, "ఏవోయ్, మోకాలు టక్కుమంటోంది" అన్నారు. అబద్ధమెందుకు, నా నాలిక చివరిదాకా వచ్చింది, 'ఏం కాదు లెండి' అని. గబుక్కున పళ్ళ బిగువున ఆపుకుని, స్టౌ కట్టేసి, చేతులు తుడుచుకుని, ఆయన ఎదురుగా వచ్చి కూర్చున్నాను.

"ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?" అని అడిగాను.