పాలితుల సమ్మతి

జూలై 4వ తేది అమెరికా దేశమున పర్వదినము. 1776లో ఆ దినమున ఫిలడెల్ఫియా నగరమందు వలసరాష్ట్రముల ప్రతినిధులు స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించిరి. సరిగా నూటడెబ్బది యేండ్లకు, 1946 జూలై 4న, కడవెండి గ్రామమున విసునూరు దేశముఖు మనుష్యుల తుపాకిగుండునకు దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. తేదుల కలయిక కాకతాళీయము. దానిపై మేడలు కట్ట నవసరము లేదు. కాని రెండు ఘటనల వెనుక నున్న ప్రశ్న ఒక్కటియే. ఒక మనుష్యుని ఏలు నధికారము మరియొకనికి ఎక్కడనుండి వచ్చును?

దైవమునుండి యని రాజులు చెప్పిరి. వంశమునుండి యని భూస్వాములు చెప్పిరి. పాలింపబడువారి సమ్మతినుండి మాత్రమే యని అమెరికను ప్రకటన చెప్పెను. ఈ భావము జాన్ లాక్ గ్రంథములలో అంతకు ముందే కలదు. ఒక రాజ్యమునకు అది పునాదిరాయి యగుట మాత్రము క్రొత్త. తమ ప్రతినిధులు లేని పార్లమెంటు తమపై పన్ను వేయరాదని, 1765 నాటి స్టాంపు చట్టముతో ముదిరిన కలహమే ఇంతదూరము వచ్చినది.

తుంగతుర్తి ప్రాంతపు రైతుకూలీలు లాక్‌ను చదువలేదు. జెఫర్సను పేరు వినలేదు. వారిపై పడిన బరువు స్టాంపు కాగితము వంటిదియు కాదు. నిజాము రాజ్యమున చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలగువారు కూలి లేని వెట్టికి కట్టువడి యుండిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున లెవీ పేరిట రైతుల గింజలు తరలిపోయెను. ‘నీ బాంచను, కాల్మొక్తా’ అనుటయే దొర యెదుట పేదవాని భాష. ఆంధ్రమహాసభను పల్లెలవారు ‘సంఘ’మని పిలిచిరి. ఆ సంఘము వచ్చి ఆ మాటను మాన్పించినది. ఊరూర కమిటీలు వెలసి, వెట్టి నాపి, తగవులు తీర్చి, భూములు పంచినవి. సమ్మతి యను పదము నెరుగకయే వారు సమ్మతితో నడచు పాలనను కొంతకాలము నడపి చూపిరి.

ఈ యుద్యమమునకు నాయకులైన భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు స్వరాజ్యము కరివిరాల కొత్తగూడెపు భూస్వామి కుటుంబమువారు. జెఫర్సనును భూస్వామియే. సర్వమానవులు సమానులని వ్రాసిన ఆ చేతిక్రింద, జీవితకాలమున ఆరువందలమందికి పైగా బానిసలు పనిచేసిరి. బానిసల వ్యాపారమును నిందించుచు ఆయన చిత్తుప్రతిలో చేర్చిన భాగమును సభవారు కొట్టివేసిరి. 1787 నాటి రాజ్యాంగము ప్రాతినిధ్యపు లెక్కలో బానిసను మనిషిలో అయిదింట మూడు వంతులుగా గణించెను. 1786లో మసాచుసెట్సు రాష్ట్రమున అప్పులపాలై పొలములు పోగొట్టుకొనుచున్న రైతులు, స్వాతంత్ర్య యుద్ధమున పోరాడిన డేనియల్ షేస్ నాయకత్వమున తిరుగబడిరి. రాజుపై తిరుగుబాటు ధర్మమన్న పెద్దలకే రైతుల తిరుగుబాటు అరాజకమైనది! మరుసటి యేడు రాజ్యాంగమును వ్రాయ కూర్చున్నవారి మనస్సులలో ఆ భయమును ఉండెను.

అందుచేత ఆ ప్రకటన అంతయు బూటకమని కొందరందురు. అది తొందరపాటు తీర్పు. బానిసత్వమునుండి తప్పించుకొని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్, 1852లో తన మహోపన్యాసమున, ఈ పండుగ బానిసకు ఎట్లు పండుగ యగునని నిలదీసెను. కాని ప్రకటనలోని సూత్రములను త్రోసివేయలేదు, వానినే ఋణపత్రమువలె చేతబట్టి బాకీ యడిగెను. బానిసత్వము 1865లో రద్దయ్యెను. స్త్రీలకు దేశమంతట ఓటు 1920లో వచ్చెను. వ్రాసినవారు ఇచ్చినది స్వల్పము; అడిగినవారు రాబట్టుకొన్నదే ఎక్కువ.

తెలంగాణమునందును అంతే. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున కలసిన పిదపను పోరు 1951 అక్టోబరు వరకు సాగెను. అట్లు సాగుట తగునా యను వాదము నేటికిని తెగలేదు. దున్నువాని భూమి ప్రశ్న తీరక మునుపే శాంతి వచ్చినదనుట కష్టము. ఏమైనను తొలి సార్వత్రిక ఎన్నికలలో, వయోజనులందరికి ఓటు గల పద్ధతిపై, ఈ ప్రజల సమ్మతిని మొదటిసారిగా అడిగిరి. నల్లగొండవారు రావి నారాయణరెడ్డిని దేశమున కెల్ల అత్యధికమైన ఓట్లతో లోకసభకు పంపిరి. తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యమును తుంగతుర్తి ఓటర్లు 1978లోను, 1983లోను శాసనసభకు ఎన్నుకొనిరి. 2022లో ఆమె కన్నుమూసెను. ఆ నియోజకవర్గము ఇప్పుడు షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడినది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుండి అమెరికా చేరిన తెలుగు యువకులలో కొందరు ఆ దేశపు పౌరసత్వము కోరుదురు. అందుకు జరుగు పరీక్షలో స్వాతంత్ర్య ప్రకటన ఏనాటిదను ప్రశ్న కలదు. ‘1776 జూలై 4’ అని వారు తడబడక చెప్పుదురు. వారి తాతలు వెట్టి చేసిన పల్లెలకు కడవెండి ఎంతో దూరము లేదు. అక్కడి జూలై 4ను గూర్చి వారి నడుగువారు ఇక్కడి కళాశాలలలోనైన ఉండవలెను గదా!