వాన పాము చుట్టాలు



కిందటి నెలలో ఒకనాడు పొద్దుటినుంచీ ముసురు పట్టి వుంది. చింతపల్లిలో ముసురంటే యెదుటి కొండ కూడా కనబడదు. నేను అరుగు మీద కూర్చుని వుండగా, ఆరో తరగతి చదివే కుర్రవాడొకడు తడుస్తూ పరుగెత్తుకొచ్చాడు.

"మేష్టారూ! తాచుపిల్లను కొట్టేశాం! చూద్దురు గాని రండి!"

గొడుగు పట్టుకొని వెళ్లాను. గెడ్డ పక్కన వరిమడి గట్టు మీద, మూర కన్నా కాస్త పొడుగున్న పాము చచ్చి పడి వుంది. చుట్టూ నలుగురు కుర్రాళ్లు కర్రలు పట్టుకొని యుద్ధం గెలిచిన వీరుల్లాగ నిలబడ్డారు.

"పడగ విప్పిందండీ!" అన్నాడొకడు.

పుల్లతో దాన్ని తిప్పి చూపించాను. గోధుమరంగు వీపు. ఆ వీపు మీద తల వైపునుంచి తోక దాకా పసుపుపచ్చని చారలు రెండు, పంచె అంచుల్లాగ. వాటికి అడ్డంగా నల్లని మచ్చలు. పెద్ద పెద్ద కళ్లు. పడగా లేదు, పాడూ లేదు. ప్రమాదం వచ్చినప్పుడు యీ పాము మెడ బల్లపరుపుగా చేస్తుంది. అప్పుడు పొలుసుల సందులో దాగివున్న యెరుపూ, నీలమూ రంగులు బయటపడతాయి. "నేను తాచును, జాగ్రత్త!" అని బెదిరించడమన్నమాట. పాపం, కుర్రాళ్లు నిజంగానే బెదిరారు. అందుకే అది చచ్చింది.

దాని పొలుసు మీద వేలు పెట్టి చూడమన్నాను. మొదట యెవరూ ముందుకు రాలేదు. తరవాత నలుగురూ తోసుకొంటూ వచ్చారు. గరుకుగా వుంది. ప్రతి పొలుసుకూ నడుమ సన్నని గట్టు వుంటుంది, ఇంటికప్పుకు నడికొప్పు వున్నట్టు. విషం లేని పాము యిది. కప్పల్ని తిని బతుకుతుంది. చేత్తో పట్టుకొన్నా కరవడం బహు అరుదు. పట్టుకొమ్మని చెప్పడం లేదు సుమా! యెందుకో తరవాత చెబుతాను.

యీ పాముకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు చాలా పాతది. స్వీడను దేశపు లిన్నేయసు పండితుడు 1758 లో అచ్చువేసిన తన గ్రంథం పదో కూర్పులో దీనికి 'స్తోలాటస్' అని పేరు పెట్టాడు. రోమను స్త్రీలు పాదాల దాకా ధరించే పొడుగాటి అంగీ పేరు 'స్తోలా'. అంటే అంగీ తొడుక్కొన్న పాము. అదే గ్రంథంలో, అమెరికా ఖండం నుంచి వచ్చిన చారల పాము మరొకదానికి 'సిర్టాలిస్' అని పేరు పెట్టాడు. మేజోళ్లు జారకుండా మోకాటి కింద కట్టుకొనే పట్టీ లాంటిది అని దాని అర్థం. ఇంగ్లీషువాళ్లు ఆ పట్టీని గార్టర్ అంటారు గనక ఆ పాము గార్టర్ పాము అయింది. ఒకే మనిషి, ఒకే పుస్తకంలో, ఒక పాముకు అంగీ తొడిగాడు, ఇంకొక పాముకు పట్టీ కట్టాడు!

అవి రెండూ దగ్గరి చుట్టాలని లిన్నేయసు చెప్పలేదు. 'కొలుబర్' అనే పెద్ద గంప ఒకటి పెట్టుకొని, యెన్నో పాముల్ని అందులోనే పడేశాడు. మన నాగుపాము కూడా ఆ గంపలోనే వుంది. తరవాత వచ్చినవాళ్లు గంప దింపి, వేరుచేస్తూ వచ్చారు. నీటి దగ్గర బతుకుతూ, గట్టు వున్న పొలుసులు గల పాముల్ని చాలాకాలం 'నేట్రిక్స్' అనే ఒకే పేరు కింద వుంచారు. 1960 లో మాల్నేట్ అనే ఆయన పైరంగులు నమ్ముకోకుండా శరీర నిర్మాణం పరీక్షించి, ఆ ఉమ్మడి కుటుంబాన్ని వేరు పెట్టాడు. ఇటీవల జన్యువుల పరీక్ష వచ్చాక మరికొన్ని పంపకాలు జరిగాయి. 2014 లో జరిగిన పంపకంలో మన చారల పాము 'ఆంఫీస్మా' అనే ప్రజాతిలో ఒంటరిగా మిగిలింది. ఆ యింట్లో మరెవరూ లేరు. నేను చదువుకొన్న పాత పుస్తకంలో వున్న పేర్లలో సగం యిప్పుడు చెల్లవు. పేర్లు మార్చడం కాలక్షేపం అనుకొంటారేమో. కాదు, యెవరికి యెవరు చుట్టమో తెలిసిన కొద్దీ మార్చక తప్పదు.

యిన్ని పంపకాలు జరిగినా, మన వాన కాలపు పామూ, అమెరికా పట్టీ పామూ ఒకే వంశం అన్న మాట మాత్రం గట్టిపడింది. ఆ వంశంలో రెండువందల యాభైకి పైగా జాతులున్నాయి; అందులో గార్టర్ పాములే ముప్పైకి పైన. వీటి పూర్వీకులు ఆసియా వైపునుంచి, ఉత్తరాన బేరింగు జలసంధి దగ్గర వొకప్పుడు వుండిన నేల మీదుగా అమెరికా చేరాయి. అక్కడ స్థిరపడ్డవి గుడ్లు పెట్టడం మానేసి పిల్లల్నే కంటాయి. మన చారల పాము మాత్రం గుడ్లే పెడుతుంది. కెనడాలో మనిటోబా రాష్ట్రాన నార్సిస్ అనే చోట, చలికాలమంతా సున్నపురాతి గుహల్లో దాగి వున్న గార్టర్ పాములు వసంతంలో వేలకు వేలు ఒక్కసారి బయటికి వస్తాయి. మనవాళ్లు తీర్థానికి వెళ్లినట్టు అక్కడి జనం చూడడానికి వెళతారు. పాములు బళ్ల కింద పడి నలగకుండా రోడ్డు కింద చిన్న సొరంగాలు కూడా వేశారు.

సరే, మన కొండకు తిరిగి వద్దాం. యీ వంశంలో మీరందరూ యెరిగినది నీరుకట్టు. చెరువులోనూ, వరిమడిలోనూ వుంటుంది. వొంటిమీద చదరంగం బల్లలాగ నల్లని గళ్లు. కంటి కింద నుంచి వాలుగా రెండు నల్లని గీతలు. చేపలూ, కప్పలూ దీని ఆహారం. దీని శాస్త్రీయ నామంలో 'పిస్కేటర్' అంటే జాలరి. ఆ పేరు పుట్టడానికి విశాఖపట్టణమే కారణం. కంపెనీ వారి కాలంలో పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండు వైద్యుడు అక్కడ వుండేవాడు. ఊళ్లవాళ్లు తెచ్చిన పాముల్ని బొమ్మలు గీయించి, వాళ్లు చెప్పిన తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకొని, 1796 లో పెద్ద పుస్తకం అచ్చువేశాడు. అందులోని నీటిపాము బొమ్మను చూసి, 1799 లో ష్నైడరు అనే జర్మను పండితుడు దానికి జాలరి అని పేరు పెట్టాడు. మన చారల పాము బొమ్మ కింద రసెల్ 'వన్న పాం' అని రాశాడు. అది 'వన్నె పాము' అనేవారు వుండవచ్చు. నేను మాత్రం 'వాన పాము' అనే అంటాను. అది గట్ల మీద కనబడేది వానలు పడ్డప్పుడే గదా! యిప్పుడు ఆ పేరు మట్టిలో వుండే యెర్రకు పోయింది.

యీ వంశంలో అందరూ సాధువులే అనుకోవద్దు. జపానులో వుండే ఒక పాము విషపు గోదురుకప్పల్ని తిని, ఆ విషాన్ని తన మెడ వెనక గ్రంథుల్లో దాచుకొంటుంది. దాని సొంత విషం వేరు. నోటి వెనక పళ్లతో గట్టిగా పట్టి కరిస్తే మనిషికి ప్రాణాపాయం. దానికి దగ్గరి చుట్టమైన ఆకుపచ్చ పాము మన దేశపు కొండల్లో వుంది. నెమ్మదైనదే, కాని దానితో ఆటలు వద్దు.

నీరుకట్టు సంగతి వేరు. విషం లేదు గాని కోపం జాస్తి. కాలు పడితే చటుక్కున కరుస్తుంది; రక్తం వస్తుంది. నేను కొత్తగా మేష్టరుగా వచ్చిన రోజుల్లో, కొండ దిగువన వొక పల్లెలో మంత్రం వేసే పెద్దాయన వుండేవాడు. మడిలో పాము కరిచిన వాళ్లందరినీ ఆయన దగ్గరికే తీసుకువెళ్లేవారు. పసరు పూసి, వేపరెబ్బలతో విసిరి పంపేవాడు. అందరూ బతికేవారు. ఆయన మోసగాడు కాడు, డబ్బు పుచ్చుకొనేవాడూ కాడు. ఆయనకూ తెలియదు, వూరికీ తెలియదు: వాళ్లను కరిచినవి యెక్కువగా నీరుకట్లే. మంత్రం లేకపోయినా బతికేవారే.

నా తరగతిలో పిల్లవాడొకడు ఒక రాత్రి నేల మీద పడుకొని వుండగా పాము కరిచింది. వాపు లేదు, పెద్దగా నొప్పి లేదు. "యేముంది, మంత్రం వేయిస్తే పోతుంది" అని అక్కడికే తీసుకువెళ్లారు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వచ్చింది. డోలీ కట్టి రోడ్డు దాకా మోసి, బస్సెక్కించి ఆసుపత్రికి చేర్చేసరికి మధ్యాహ్నమైంది. ఆ పిల్లవాడు దక్కలేదు. కరిచినది కట్లపాము. నున్నని నల్లని వొళ్లు, అడ్డంగా సన్నని తెల్లని కట్లు, రాత్రిపూట తిరుగుతుంది, కాటు దోమకాటులాగ వుంటుంది.

హాజరు పట్టీలో అతని పేరు పిలవకుండా దాటడం నాకు చాలా రోజులు అలవాటు కాలేదు.

గట్టు మీద కుర్రాళ్లకు యీ కథ చెప్పాను. "అయితే మేష్టారూ, నిలువు చారలుంటే మంచిది, అడ్డ కట్లుంటే చెడ్డదా?" అన్నాడు మొదటి కుర్రవాడు. తెలివైన ప్రశ్నే. కాని అలా లెక్క వేయకూడదు. అడ్డ కట్లుండీ విషం లేని పాములున్నాయి. కట్లూ చారలూ లేని విషప్పాములూ వున్నాయి. చీకట్లో, భయంలో రంగులెవరికి కనబడతాయి? అందుకే యే పామునూ చేత్తో ముట్టవద్దన్నాను. యే పాము కరిచినా విషపుదే అనుకోవాలి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా వుంచి, కోయకుండా, తాడు బిగించకుండా, తిన్నగా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర యీ నాలుగింటికీ పనిచేసే విరుగుడు సూదిమందు వుంది. పామును చంపి వెంట తీసుకు వెళ్లనక్కరలేదు. ఆ ప్రయత్నంలో రెండోవాడిని కరవవచ్చు.

చచ్చిన పామును కుర్రాళ్లే గట్టు పక్కన పాతిపెట్టారు. అందులో చిన్నవాడు, కొండ మీది పల్లెవాడు, యింట్లో దీనికి వాళ్ల భాషలో వేరే పేరు వుందని చెప్పాడు. పలకమంటే సిగ్గుపడి పలకలేదు. మీ వూళ్లో యీ చారల పామును యేమంటారో మీ పెద్దల్ని అడిగి, పోస్టుకార్డు మీద రాసి పంపండి. తెలుగు కాని పేరైతే, యెలా పలుకుతారో తెలుగు అక్షరాల్లోనే రాయండి.